సరస్వతి ఆకు, గొలుసు గడియారం

మా దొడ్లో ఆవుకి జ్ఞాపకశక్తి అమోఘంగా ఉండేది. ఏ ఇంటి గడ్డిమేటుకి కాపలా ఎప్పుడుండదో, ఎవరి దడికి కంత ఎక్కడుందో దానికి కంఠతా వచ్చు. అంతా సరస్వతి ఆకు మహిమ. చిన్నతాతగారి కోసం మా అత్తయ్య రోజూ నూరిన పచ్చడిలో చాలాభాగం ఆ ఆవు పొట్టలోకే వెళ్ళింది. ఆయన దాన్ని అన్నంలో ముద్ద చేసి, చేయి కడుక్కునే నెపంతో పెరటి గుమ్మం దాటి, దాని నోట్లో పెట్టి వచ్చేవారు. అందుచేత ఆ ఆకు పనిచెయ్యదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎవరికి పనిచేసిందన్న దగ్గరే కొంచెం తేడా.

స్వరాజ్యం వచ్చిన కొత్త రోజులవి. కొత్తపేటకి కాస్త ఎడంగా, కాలవ గట్టు మీద మా ఊరు. నేను కాకినాడలో బి.ఏ. పూర్తిచేసి వచ్చి, దేశానికి నా అవసరం ఎప్పుడు పడుతుందా అని వీధి అరుగు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాను. దేశం ఏమీ తొందరపడలేదు. ఇంట్లోవాళ్ళు పడ్డారు. ఖాళీగా కూర్చున్నవాడికి తగిన పని ఒకటి దొరికింది వాళ్ళకి: చిన్నతాతగారి మతిమరుపు కుదర్చడం.

చిన్నతాతగారంటే మా తాతగారి తమ్ముడు. తాతగారు పోయి అప్పటికే చాలాకాలం. ఈయనకి డెబ్బై దాటినా ఒళ్ళు గట్టిది. మతి మాత్రం ముందే సెలవు తీసుకుంది. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం ఇల్లంతా గాలించేవారు. గాలిస్తూ గాలిస్తూ దేనికోసం బయలుదేరారో మరచిపోయి, చేతికందిన చెప్పు తీసుకుని తృప్తిగా తిరిగొచ్చేవారు. భోజనం చేసి లేచి, కాసేపయ్యాక మళ్ళీ పీట వాల్చుకుని, "ఏమ్మా, ఇవాళ వంట ఆలస్యమైందా?" అనేవారు. మా అమ్మ కాదనకుండా రెండు ముద్దలు వడ్డించేది. ఇందువల్ల ఎవరికీ ఏ నష్టమూ లేదు. కోర్టు వ్యవహారం వచ్చేదాకా.

వ్యవహారం మా అత్తయ్యది. నాన్నగారి అక్కగారు. పిల్లలు లేరు. మామయ్య పోయాక ఆవిడ మా ఊరు వచ్చేసి, బోదె అనే పిల్లకాలవ అవతల తన కొబ్బరితోటలో చిన్న ఇల్లు వేయించుకుని ఉంటోంది. ఆ తోట ఆవిడ పెళ్ళిలో తాతగారు పసుపు కుంకుమల కింద ఇచ్చినది. ఆడపిల్లకి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద నేల ఇవ్వడం మా వైపు అలవాటు. పందిట్లో నలుగురి ముందూ నోటితో అంటారు, అంతే. కాగితం రాయమంటే అల్లుణ్ణి అనుమానించినట్టవుతుంది. తాతగారు మరీ పద్ధతిగా, మొలకెత్తిన కొబ్బరికాయ ఒకటి కూతురి ఒళ్ళో పెట్టి "బోదె అవతల తోట నీదమ్మా" అన్నారట.

ఆ 'అన్నారట' దగ్గరే వచ్చింది చిక్కు. కొబ్బరికి మంచి రేటు పలికేసరికి మామయ్య తమ్ముడికి ఆ తోట మీద ఆపేక్ష పుట్టింది. ఆ తోట తమ వదినగారికి ఇచ్చినది కాదనీ, తమ అన్నగారికి అలకపాన్పు మీద ఇచ్చినదనీ, అన్నగారిది గనక ఉమ్మడిలో కలుస్తుందనీ అమలాపురం కోర్టులో దావా వేశాడు. అలకపాన్పంటే తెలుసుగా. పెళ్ళిలో అల్లుడు మంచమెక్కి మూతి ముడుచుకుని కూర్చుంటాడు, మామగారు ఏదో ఒకటి చేతిలో పెడితే గాని దిగడు. అలా పెట్టినది అల్లుడిది. పందిట్లో కూతురి ఒళ్ళో పెట్టినది కూతురిది. తోట ఎక్కడ ఇచ్చారన్నదాని మీదే అత్తయ్య నిలవనీడ ఆధారపడి ఉంది.

ఆ పెళ్ళికి వచ్చిన పెద్దల్లో మా వైపువాళ్ళందరూ అప్పటికే దాటిపోయారు. నాన్నగారు ఆ పెళ్ళినాటికి ఉయ్యాల్లో ఉన్నారు. వాళ్ళ వైపువాళ్ళు మాత్రం ఆరోగ్యంగా ఉన్నారు. మాకు మిగిలిన ఏకైక సాక్షి చిన్నతాతగారు.

"మీ బాబాయిగారికి ఏ మాత్రం జ్ఞాపకం ఉందండీ?" అని అడిగారు మా ప్లీడరుగారు అత్తయ్యని.

"అన్నీ ఉన్నాయండి. అవి ఎక్కడ పెట్టేరో అదే జ్ఞాపకం లేదు," అంది అత్తయ్య.

ప్లీడరుగారు నవ్వలేదు. "చూడండమ్మా. సాక్షికి నేర్పకూడదు, తప్పు. కానీ జ్ఞాపకం రావడానికి మందివ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు," అన్నారు. అత్తయ్య ఆ రెండోమాట గట్టిగా పట్టుకుంది.

కాలవ అవతలి వైద్యుడుగారిని పిలిపించాం. ఆయన మా ఇంటికి వచ్చిన మొదటిరోజే మందుల సంచీ పడవలో మరచిపోయి వచ్చారు. దానికాయన ఏమీ సిగ్గుపడలేదు. "వైద్యుడన్నవాడు తన మందు తను పుచ్చుకోకూడదండి, ఆయ్," అన్నారు. చిన్నతాతగారి నాడి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. ఎవరో నిద్రపోయారు; ఎవరన్నది తేల్చుకునేలోగా ఇద్దరూ లేచారు.

ఆ తరువాత విధివిధానాలు చెప్పారు. బోదె గట్టున తడిలో పాకే సరస్వతి ఆకు పచ్చిగా ఓ గుప్పెడు పరగడుపున నమలాలి. మధ్యాహ్నం అదే పచ్చడి. అదే ఆకు రసంతో కాచిన నెయ్యి అన్నంలోకి. తేనెలో లేహ్యం, పడుకునేముందు. మాడుకి గుంటగలగర నూనె. నానబెట్టిన బాదంపప్పు పొట్టు తీసి. చద్దన్నం కూడదు, బుద్ధి మందగిస్తుంది. వంకాయ కూడదు. పగటినిద్ర అసలు కూడదు. తెల్లవారగానే మంచుగడ్డి మీద ఉత్తకాళ్ళతో నడవాలి. చుట్ట మానాలి.

అంతవరకూ ఎవరి గురించో వింటున్నట్టు విన్న చిన్నతాతగారు, చుట్ట దగ్గర మేలుకున్నారు.

"చుట్ట మానితే జ్ఞాపకం వస్తుందాండీ?"

"తప్పకుండానండి."

"వస్తే, చుట్ట మానేనని కూడా జ్ఞాపకం వస్తుందిగా. మరి అది నాకెందుకండీ?"

ఆయన మతి పోయిందని ఊరంతా అనుకునేది గాని, వాదం ఎప్పుడూ పోలేదు.

పథ్యం మొదలైంది. నా ఉద్యోగం ఏమిటంటే తెల్లవారి ఆయన్ని గట్టు మీద నడిపించడం, మధ్యాహ్నం నిద్రపోకుండా చూడడం, పెళ్ళి గురించి అడగడం. ఏం చెప్పాలో చెప్పకూడదు గనక అడగడమే. గట్టు మీద మేం నడుస్తుంటే, కొబ్బరి దింపేవాళ్ళు చెట్ల మీంచి పలకరించేవారు.

"ఏవండోయ్ పెద్దబాబుగారూ! జ్ఞాపకం ఎంతదాకా వచ్చిందండీ?"

"బోదె దాకా వచ్చిందిరా. వంతెన లేదు, దాటలేకపోతోంది."

నడిచి వచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి అడిగేవాణ్ణి: "తాతగారూ, అత్తయ్య పెళ్ళి మీకు గుర్తుందా?"

"లేకేం. పనసపొట్టు కూరలో ఆవ ఎక్కువైంది."

"పందిట్లో తాతగారు అత్తయ్యకేమైనా ఇచ్చారా?"

"ఎవరికీ?"

"అత్తయ్యకి."

"ఆవిడకెందుకూ ఇవ్వడం? ఆవిడ మనింటి పిల్లేగా."

ఇలాగే నడిచింది చాలా కాలం. ఆయన నిగనిగలాడుతున్నారు. నెయ్యి, బాదం పుణ్యమా అని బుగ్గలు వచ్చాయి. జ్ఞాపకం తప్ప అన్నీ వచ్చాయి. అప్పుడు వైద్యుడుగారు మా అందరి కొంప ముంచే సలహా ఒకటి ఇచ్చారు: వసకొమ్ము. పసిపిల్లలకి మాటలు రావాలని అరగదీసి నాకిస్తారే, అదే. "బుద్ధికి పదును పెడుతుందండి," అన్నారు.

బుద్ధి సంగతి నాకు తెలియదు గాని, నోటికి పదును పెట్టింది. లేక చుట్ట లేని నోటికి మరో పని దొరక్కనో. చిన్నతాతగారు పొద్దున్న మొదలెడితే పొద్దుగూకే దాకా మాట్లాడేవారు. ఎదురుపడ్డవాడికల్లా ఏదో ఒక కథ చెప్పేవారు. ఆ కథలో సగంలో ఇంకో కథ, దానికి వేరే ఎవరిదో ముగింపు. ప్లీడరుగారు వచ్చి వింటూ, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఏమిటండీ ఇది? సాక్షి అన్నవాడు అడిగినదానికి అవునండి, కాదండి అనాలి. ఈయన రామాయణం చెప్పేట్టున్నారు."

"జ్ఞాపకానికి మందివ్వమన్నారు గదండీ," అంది అత్తయ్య.

"ఇవ్వమన్నాను. మరీ ఇంత తేలుతుందనుకోలేదు."

ఆ తేలడంలోనే అసలు ప్రమాదం బయటపడింది. ఓ రోజు రచ్చమీద పదిమందిలో, ఎవరూ అడగకుండానే, చిన్నతాతగారు అన్నారట: "ఆ పెళ్ళిలో అలకపాన్పు దగ్గరే అన్యాయం జరిగిందర్రా. మా అన్నగారు ఇచ్చేసేరు. నిలువునా ఇచ్చేసేరు."

ఏమిచ్చేశారని ఎవరూ అడగలేదు. అందరూ తోట అనే అనుకున్నారు. సాయంత్రానికి ఆ మాట అత్తయ్య మరిది చెవిలో పడింది. మర్నాటికి అత్తయ్య చెవిలోనూ పడింది. ఆవిడ వచ్చి, చిన్నతాతగారి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"బాబాయ్. అలకపాన్పు మీద నాన్న ఏమిచ్చేరు?"

చిన్నతాతగారి ముఖం ఎర్రబడింది. "ఇచ్చేసేరమ్మా. ఇచ్చేసేరు," అన్నారు.

"తోటా?"

ఆయన నుదుటి మీది కళ్ళజోడు తడుముకున్నారు. "కోపం ఒక్కటే జ్ఞాపకం ఉందమ్మాయ్," అన్నారు చివరికి. "దేనికో తెలీదు."

అత్తయ్య లేచి వెళ్ళింది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు. ఆకు మాత్రం ఇంకా గట్టిగా నూరింది. రోలు చప్పుడు బోదె ఇవతలికి వినబడింది.

వాయిదా రోజు వచ్చింది. బస్సులో అమలాపురం వెళ్ళాం. బస్సు కంటే ముందు చిన్నతాతగారు బయలుదేరారు, కబుర్లతో. కోర్టు వసారాలో అత్తయ్య మరిది పట్టుకండువాతో కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూసి లేచి, "వదినగారూ, బాగున్నారాండీ?" అన్నాడు. కోనసీమలో దావా వేసినవాడైనా మర్యాద తప్పడు. "మీ దయవల్ల ఇంకా తోటలోనే ఉన్నాను నాయనా," అంది అత్తయ్య.

చిన్నతాతగారు బోనెక్కారు. మా ప్లీడరుగారు ప్రాణాలు అరచేత పెట్టుకుని రెండు ప్రశ్నలడిగి కూర్చున్నారు. ఆ రెంటికీ మా సాక్షి "అయ్యుండొచ్చండి" అన్నారు. అవతలి ప్లీడరు లేచాడు. పొట్టిగా, ఎంతో వినయంగా ఉన్నాడు.

"తాతగారూ, ఇవాళ పొద్దున్న ఏం తిన్నారండీ?"

"సరస్వతి ఆకండి."

"నిన్న?"

"అదేనండి."

"మొన్న?"

"బాబ్బాబు, ఇంక అడక్కండి," అన్నారు చిన్నతాతగారు. విచారణ చేస్తున్న జిల్లా మునసబుగారు పెదవి కొరుక్కున్నారు.

"ఇవాళ ఏ వారమో చెబుతారా?"

చిన్నతాతగారు కిటికీ వైపు చూశారు, అక్కడ రాసి ఉంటుందేమో అన్నట్టు. "అది ఇంట్లో ఆడవాళ్ళు చూసుకుంటారండి," అన్నారు.

"చిత్తం. వారం తెలీదు. పెళ్ళి మాత్రం తెలుసు. పోనీండి. అలకపాన్పు మీద మీ అన్నగారు ఇచ్చేశారని రచ్చమీద మీరే సెలవిచ్చేరుట. అన్నారా లేదా?"

"అన్నానండి."

"ఇచ్చేరా?"

"ఇచ్చేసేరండి."

"ఏమిచ్చేరు? తోటేనా?"

మా ప్లీడరుగారు కళ్ళు మూసుకున్నారు. అత్తయ్య చేయి నా మోచేతి మీద బిగుసుకుంది. ఆ గుర్తు నాకు చాలా రోజులుంది. చిన్నతాతగారు నోరు తెరిచారు. నెలల తరబడి వసకొమ్ముతో పదునెక్కిన ఆ నోరు, అడక్కుండా ఇన్ని కథలు చెప్పిన నోరు, అడిగినప్పుడు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, గెలుపు ఖాయమనుకున్నాడో, ఆకలే వేసిందో, అత్తయ్య మరిది జేబులోంచి గొలుసు గడియారం తీసి వేళ చూసుకున్నాడు. చూసుకుని టక్కున మూత వేశాడు.

చిన్నతాతగారి తల ఆ చప్పుడు వైపు తిరిగింది. అంత వేగంగా ఆయన తల తిరగడం నేను అంతకుముందు ఎరగను.

"అదీ!" అన్నారు. "అదండీ ఇచ్చేసేరు! నా వాచీ!"

"ఏమిటీ?" అన్నారు మునసబుగారు.

"రాజమండ్రిలో కొనుక్కున్నానండి బాబూ! మొగమాటానికైనా ఎవడికీ చూపించలేదండి, అంత కొత్తది! వీళ్ళన్నగారు మంచమెక్కి వాచీ కావాలని కూర్చున్నాడు. మా అన్నగారు జేబు తడుముకున్నారు, ఏమీ లేదు. పక్కన నేనున్నాను. నా జేబులో చెయ్యి పెట్టి లాగి, ఇదిగో అల్లుడూ అని ఇచ్చేసేరండి! నా వైపు చూడనైనా చూళ్ళేదు!"

"తాతగారూ, తోట సంగతి..." అన్నాడు అవతలి ప్లీడరు.

"తోటేమిటండీ! తోట అంతకుముందే పందిట్లో మా అమ్మాయి ఒళ్ళో పెట్టేసేరు కదా, మొలకెత్తిన కాయతో సహా! ఆ కాయ మోసుకొచ్చింది నేనే. మట్టి అంటుకుని నా కొత్త పంచె పాడైంది. అందుకే గదా నేను అప్పటికే మండిపడి ఉన్నాను! తోటా ఇచ్చి, మళ్ళీ మంచం దిగడానికి నా వాచీ కూడానా అని! మూత లోపల సొట్ట ఉంటుంది చూడండి. రేవులో పడవ దిగుతూ పడేసుకున్నాను."

మునసబుగారు గడియారం తెప్పించుకుని మూత తీశారు. వెలుతురుకి పెట్టి చూశారు. సొట్ట ఉంది. మా సాక్షి మాటలన్నీ రాసుకున్నారు. ఆ మాటల్లో పనసపొట్టు కూరలో ఆవ కూడా ఉంది; ఆయన దాన్ని వదల్లేదు.

కోర్టు లేచాక వసారాలో పెద్ద నవ్వు. అత్తయ్య మరిదికి అవమానమై, అన్నగారు పోయాక తన జేబులో చేరిన ఆ గడియారం గొలుసుతో సహా చిన్నతాతగారి చేతిలో కుక్కి, "తీసుకోండి మీ బోడి వాచీ!" అన్నాడు. చిన్నతాతగారు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఆ ముఖం పసిపిల్లాడి ముఖంలా అయిపోయింది. తిరుగు బస్సులో ఒక్క కథ చెప్పలేదు. హాయిగా నిద్రపోయారు. పగటినిద్ర కూడదని ఎవరూ అనలేదు.

తీర్పు కొన్నాళ్ళకి అత్తయ్య వైపే వచ్చింది. ఘనత మాత్రం పంపకాలైపోయింది. అత్తయ్య నెయ్యి అంది. మా అమ్మ బాదం అంది. నాన్నగారు తెల్లవారి నడక అన్నారు. వైద్యుడుగారు తన లేహ్యానికి కోర్టు లేహ్యమని పేరు పెట్టి, దావాలున్న ఇళ్ళన్నింటికీ పడవ మీద స్వయంగా పంపిణీ చేశారు. మా తాలూకాలో దావాలకి కొరత లేదు. ఆయన వృద్ధిలోకి వచ్చారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం. ఇంతలో అత్తయ్య మరిది రాజమండ్రి జిల్లా కోర్టులో అప్పీలు వేశాడు. సాక్షుల్ని మళ్ళీ పిలవరని ప్లీడరుగారు నెత్తీ నోరూ బాదుకున్నా, ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. అత్తయ్య అసలే నమ్మలేదు. ఎందుకైనా మంచిదని చిన్నతాతగారిని అడిగి చూడమంది.

ఆయన అరుగు మీద గడియారం చెవిదగ్గర పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"తాతగారూ, అత్తయ్య పెళ్ళి గుర్తుందాండీ?"

"బాగా జరిగిందనే విన్నాను," అన్నారు ప్రసన్నంగా.

"పనసపొట్టు కూర?"

"చేసేరా?"

మొలక కాయ లేదు. పందిరి లేదు. అలకపాన్పు లేదు. వాచీ చేతికొచ్చింది, పెళ్ళి మొత్తం చేజారిపోయింది. ఇన్నేళ్ళూ ఆ పెళ్ళిని ఆయన మెదడులో నిలబెట్టినది ఆకూ కాదు, నెయ్యీ కాదు. జేబులోంచి లాక్కున్న ఆ వాచీ మీది కోపం. అది తీరగానే నిలబెట్టే పని ఇంకెవరికీ లేకపోయింది. ఇంత బి.ఏ. చదివిన నాకు ఇది తట్టడానికి సాయంత్రమైంది. అత్తయ్యకి నేను చెబుతుండగానే తట్టింది. 

మర్నాడు చిన్నతాతగారు గట్టు మీద నడిచి వచ్చేసరికి గడియారం దిండు కింద లేదు.

ఇల్లంతా వెతికారు. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది. చెప్పు దొరికినా ఈసారి తృప్తి పడలేదు. మధ్యాహ్నానికి వీధి దద్దరిల్లింది.

"మళ్ళీ ఎత్తుకుపోయేడమ్మా మీ ఆయన! ఆనాడు మంచమెక్కి కూర్చున్నాడు చూడు! మొలక కాయ మోయించేరు నా చేత! కొత్త పంచె!"

"మా ఆయన పోయి చాలా కాలమైంది బాబాయ్," అంది అత్తయ్య మెల్లగా, ఆకు ఏరుతూ.

"పోతూ పట్టుకుపోయేడు!"

గడియారం ఎక్కడుందో నాకు అత్తయ్యే చెప్పింది. అత్తయ్య ఇంట్లో అటక మీద, ఖాళీ అయిన లేహ్యం జాడీలో గుడ్డలో చుట్టి ఉంది. రోజూ చిన్నతాతగారు నడకకి వెళ్ళినప్పుడు ఆవిడ జాడీ దింపి కీ ఇచ్చేది. "వస్తువు పాడైపోకూడదు కదరా," అనేది.

ప్లీడరుగారు చెప్పినట్టే సాక్షుల్ని ఎవరూ పిలవలేదు. అప్పీలు కొట్టేశారని కబురు వచ్చిన రోజున అత్తయ్య జాడీ దింపి, గడియారం పైట చెంగుతో తుడుచుకుని, ఇచ్చేద్దామని మా ఇంటికి బయలుదేరింది. నేనూ వెనకాలే ఉన్నాను. అరుగు మీద చిన్నతాతగారు ఎవరో పొరుగూరి పెద్దమనిషిని దొరకబుచ్చుకుని చెబుతున్నారు. పందిరి ఎంత పొడుగు వేశారో, మేళం ఏ ఊరి నుంచి వచ్చిందో, మా అత్తయ్య తలంబ్రాలప్పుడు ఎలా తుమ్మిందో, పక్కనే మా తాతగారు ఎలా నవ్వారో. ఆ తుమ్ము సంగతి అంతకుముందు మేమెవరం వినలేదు.

అత్తయ్య గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఆ పెద్దమనిషి లేచేదాకా అలాగే నిలబడి వింది. తరువాత గడియారం చెంగులో ముడివేసుకుని వెనక్కి తిరిగింది.

"ఇవ్వవా అత్తయ్యా?"

"ఇంకొన్నాళ్ళు తిట్టనీరా," అంది. "నా పెళ్ళి చూసినవాళ్ళు మనవైపు ఇంకెవరున్నారు?"